వెలుగు నేర్వవలసిన వినయము

దీపమునకు మన జీవితమున గల గౌరవము మరియొక వస్తువునకు లేదు. సంధ్యవేళ దీపము పెట్టి చేతులు జోడించు ఆచారము నేటికిని అనేక గృహములలో కలదు. అయితే ఇంటి దీపమునకును బాటమీది దీపమునకును ఒక భేదమున్నది. ఇంటి దీపము ఉన్నచోటనే నిలిచి నలుదిక్కులను వెలిగించును. దానివలన ఎవరికిని కీడు లేదు. బాటమీద పరుగెత్తు కారు దీపము అట్టిది కాదు. అది ఒకరికి దారి చూపుచునే మరియొకరి కన్నులకు చీకట్లు క్రమ్మించగలదు. చీకటిని పోగొట్టవలసిన వెలుగే చీకటిని కల్పించుట వింతగా తోచును గాని, రాత్రివేళ రహదారిపై ప్రయాణించిన వారందరును ఎరిగిన సంగతియే యిది.

ఎదురుగా వచ్చు వాహనమును చూచి తన దీపముల వెలుగును దించుటను మన డ్రైవర్లు ‘డిమ్ కొట్టుట’ అందురు. అది బాటమీది మర్యాద. కాని డిమ్ కొట్టినంత మాత్రమున వెలుగు వంగునా? దీపములు సరిగా దిద్దియుండనిచో, డిమ్ కొట్టినను వెలుగు ఎదుటివాని ముఖముననే పడును. కొట్టినవాడు తన ధర్మమును నెరవేర్చితి ననుకొనును. ఎదుటివాడు వానిని తిట్టుకొనుచు పోవును. ఈ లోపము పాత కార్లలో మిక్కిలి తరచు. అందుచేత పాత కారు హెడ్‌లైట్లను రాత్రి ప్రయాణమునకు దిద్దు విధానమును, దాని వెనుక నున్న శాస్త్రమును ఇచట కొంత విచారింతము. ఇది మెకానిక్కులకే పరిమితమైన విద్య కాదు. ఉన్నత పాఠశాల గణితమును, భౌతికశాస్త్రమును చదివిన విద్యార్థికి అందని దేదియు ఇందు లేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకండులో సుమారు 17 మీటర్లు సాగును. ఎదుటి దీపము కంటిలో పడి, చూపు మరల కుదుటపడుటకు 3 సెకండ్లు పట్టినదనుకొందము. ఆ లోపల కారు 50 మీటర్లు పోవును. ఆ 50 మీటర్లును డ్రైవరు కన్నులు మూసికొని నడిపినట్లే. వయస్సు మీరినవారి కన్నులు వెలుగుదెబ్బనుండి తేరుకొనుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టును. గోడముందు నిలిచి రెండు స్క్రూలు త్రిప్పు చిన్నపనికి ఇంత పెద్ద వ్యాసమా యని తలంచువారు ఈ 50 మీటర్లను జ్ఞాపకముంచుకొందురు గాక.

ఏది పాత కారు?

ఇంగ్లండులో 1919 మొదలు 1930 వరకు తయారైన కార్లను ‘వింటేజి’ కార్లని పిలుచుట పరిపాటి. మన దేశమున లెక్క వేరు. 2021వ సంవత్సరము జూలై నెలలో కేంద్రప్రభుత్వము మోటారు వాహనముల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడకుండ నిలిచిన కార్లను, మోటారు సైకిళ్లను ‘వింటేజి’ వాహనములుగ గుర్తించినది. వాటికి ‘వి.ఏ.’ అను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు నిచ్చు ఏర్పాటు చేసినది. అట్టి వాహనములను నిత్యమైన రాకపోకలకు గాని, వ్యాపారమునకు గాని వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకొనుటకు బాటమీదికి తీసికొని రావచ్చును.

ఈ లెక్క ప్రకారము, 1958లో బెంగాలులోని ఉత్తరపారాలో పుట్టిన అంబాసిడరు కారు తొలితరములు నేడు వృద్ధుల కోవలో చేరినవి. ఒకనాడు కచేరీల ముందును, రైల్వేస్టేషనుల ముందును బారులు తీరిన ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను దానిని ప్రాణముగ కాపాడుకొనువారు మన పట్టణములలో కలరు. ప్రదర్శన పగలు జరుగును; ఇంటికి మరలునప్పటికి ప్రొద్దు క్రుంకును. అక్కడనే చిక్కు మొదలగును.

నూనె దీపమునుండి విద్యుత్తు వరకు

మోటారు కారు పుట్టిన క్రొత్తలో దానికి గుర్రపుబండి దీపములే గతి. అవి నూనె దీపములు. బండి వచ్చుచున్నదని ఇతరులకు తెలుపుటకే గాని, దారి చూచుకొనుటకు అవి చాలవు. పిమ్మట ఎసిటిలీను దీపములు వచ్చినవి. కాల్షియము కార్బైడుపై బొట్టుబొట్టుగా నీరు పడినచో ఎసిటిలీను వాయువు పుట్టును. అది తెల్లని తేజస్సుతో మండును. మామిడికాయలను ముగ్గవేయుటకు కొందరు చట్టవిరుద్ధముగ వాడు కార్బైడు ఇదియే. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసులో నిజాము ప్రభువుల 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారు కలదు. కార్ల చరిత్రలో ఎసిటిలీను వెనుకంజ వేసి, విద్యుత్తు అడుగుపెట్టిన సంధికాలమునకు చెందినది ఆ కారు.

అమెరికాలో కాడిలాక్ సంస్థ తన 1912వ సంవత్సరపు కార్లలో విద్యుత్ స్టార్టరును, విద్యుద్దీపములను కలిపి అమర్చినది. ఫోర్డు కంపెనీ ‘మోడల్ టి’ కారునకు 1915లో విద్యుత్ హెడ్‌లైట్లు పెట్టినది. అయితే ఆ దీపములకు తొలుత బ్యాటరీ లేదు. ఇంజనుతో తిరుగు మాగ్నెటోనుండియే విద్యుత్తు వచ్చెడిది. ఇంజను వేగము హెచ్చిన వెలుగు హెచ్చును, తగ్గిన తగ్గును. మలుపువద్దనో, గోతివద్దనో నెమ్మదించినప్పుడే, అనగా వెలుగు అత్యవసరమైనప్పుడే, దీపము మసకబారెడిది.

వెలుగు పెరిగిన కొలది ఎదుటివాని బాధయు పెరిగినది. 1917 నాటి కాడిలాక్ కారున దీపములను క్రిందికి దించుటకు లోపల ఒక మీట నమర్చిరి. 1920వ దశాబ్దము నడుమ, ఒకే బల్బులో రెండు తంతువు లుంచు పద్ధతి యూరపులోను, అమెరికాలోను వచ్చినది. ఒక తంతువు దూరపు చూపునకు, రెండవది దగ్గరి చూపునకు. 1930వ దశాబ్దపు కొన్ని ఆంగ్లేయ కార్లలో ఏర్పాటు మరింత విచిత్రమైనది. స్విచ్చి నొక్కగనే కుడిదీపము పూర్తిగా ఆరిపోవును. ఎడమదీపములోని అద్దము విద్యుదయస్కాంత బలముచే క్రిందికి వాలును. ఒక కన్ను మూసి, రెండవ కంటిని దించుకొని నమస్కరించిన చందముగ నుండును.

వెలుగు ఎట్లు వంగును?

హెడ్‌లైటు లోపల గిన్నెవలె మెరయు అద్దము పరావలయాకారమున నుండును. ఆ గిన్నెకు ఒక నాభి కలదు. నాభివద్దనుండి బయలుదేరిన కిరణములు అద్దమును తాకి, ఒకదానికొకటి సమాంతరముగ ముందునకు పోవును. అందుచేతనే వడ్లగింజంత తంతువు వందల అడుగుల దూరమును వెలిగించగలుగుచున్నది. తంతువు నాభికి ముందుకో వెనుకకో జరిగినచో కిరణములు చెదరును; వెలుగు పలుచబడును; గోడమీద నడుమ చీకటి మచ్చతో పెద్ద వలయము కనబడును. తంతువు నాభికి పైగా నున్నచో వెలుగు క్రిందికి దిగును. కుడికి నున్నచో ఎడమకు తిరుగును. ఒక పుటాకార దర్పణమును, ఒక చిన్న బల్బును తీసికొని ఉపాధ్యాయులు తరగతిగదిలో దీనిని నిమిషములో చూపవచ్చును.

డిమ్ తంతువును నాభికి కొంచెము పైగా అమర్చుటలోని మర్మ మిదియే. మరికొన్ని బల్బులలో డిమ్ తంతువు నాభికి ముందుండును. దాని క్రింద ఒక చిన్న లోహపు దొప్ప యుండును. ఆ దొప్ప అద్దము క్రింది సగమునకు వెలుగు పోనీయదు. పైసగమునుండి మరలిన కిరణములు క్రిందికి దిగును.

ఇచట ఒక పాత ఆచారమును స్మరింపవలెను. మన దేశమున హెడ్‌లైటు గాజు పైసగమునకు నల్లరంగు పూయుట చిరకాలము వాడుకలో నుండెను. గాజు పైభాగమునుండి వచ్చు వెలుగే పైకి పోవునని, దానిని మూసినచో ఎదుటివానికి మేలని జనుల తలంపు. ఉద్దేశము మంచిదే, శాస్త్రము సరిపోదు. సమాంతరముగ వచ్చు కిరణములలో సగమును మూసినచో వెలుగు సగమగును గాని, దాని దిక్కు మారదు. దొప్పగల బల్బున్న దీపములలో నష్ట మింకను హెచ్చు. డిమ్ వెలుగంతయు అద్దము పైసగమునుండియే వచ్చును గనుక, నల్లరంగు దానినే మింగివేయును. వెలుగును తగ్గించుట వేరు, వంచుట వేరు. దీపములను దిద్దువాడు మొదట గ్రహింపవలసిన పాఠ మిది.

గోడముందు పాఠము

దీపములు దిద్దుటకు సమతలమైన నేలయు, నిలువైన గోడయు కావలెను. ముందుగా నాలుగు టైర్లలోను గాలి సరిచూడవలెను. డ్రైవరు స్థానమున ఒక మనిషి కూర్చుండవలెను. కారును గోడకు ఎదురుగా, దీపములు సరిగా 10 మీటర్ల దూరమున నుండునట్లు నిలుపవలెను. దీపము నడిమిభాగము నేలనుండి ఎంత ఎత్తున నున్నదో కొలిచి, గోడపై అంతే ఎత్తున సుద్దముక్కతో ఒక అడ్డగీత గీయవలెను. దానికి 10 సెంటీమీటర్ల దిగువన రెండవ అడ్డగీత గీయవలెను. రెండు దీపముల నడిమి దూరమును కొలిచి, అంతే ఎడముతో, కారు నడిమిరేఖకు ఇరుప్రక్కల సమానముగ, రెండు నిలువుగీతలు గీయవలెను.

చీకటి పడిన తరువాత ఒక దీపమును గుడ్డతో కప్పి, రెండవదానిని వెలిగింపవలెను. దీపము చుట్టునున్న మెరుగు రింగును ఊడదీసినచో, 1950, 60 దశాబ్దముల కార్లలో సాధారణముగ దిద్దుబాటు స్క్రూలు కనబడును. పైనున్న స్క్రూ వెలుగును ఎత్తుటకును దించుటకును. ప్రక్కనున్నది కుడియెడమలకు త్రిప్పుటకు. డిమ్ వెలుగునకు గోడపై స్పష్టమైన పైఅంచు కనబడినచో, ఆ అంచును రెండవ అడ్డగీతకు తేవలెను. అట్టి అంచు లేని దీపమైనచో బ్రైట్ వెలిగించి, మిక్కిలి ప్రకాశించు భాగమును నిలువుగీతపై, మొదటి అడ్డగీతకు కొంచెము దిగువగా నిలుపవలెను. పిదప డిమ్ కొట్టి, వెలుగు క్రిందికి దిగుచున్నదో లేదో చూడవలెను. ఇదియంతయు రెండవ దీపమునకును చేయవలెను.

రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు కార్లలో ఇంతకు ముందే చేయవలసిన పని యొకటి కలదు. వాటిలో అనేకమునకు బల్బు హోల్డరు ముందువెనుకలకు జరుగును. బిగింపును వదులుచేసి, వెలుగు గోడపై చిక్కగా, నడుమ మచ్చలేకుండ పడువరకు హోల్డరును జరిపి, మరల బిగింపవలెను. నాభి కుదరని దీపమును ఎటు వంచినను ప్రయోజనము లేదు.

రెండవ గీతకు 10 సెంటీమీటర్లే ఎందుకు? 10 మీటర్ల దూరమున 10 సెంటీమీటర్లు దిగుట యనగా నూటికి ఒకటి చొప్పున వాలుట. దీపము నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొందము. సరూప త్రిభుజముల సూత్రము ననుసరించి, ఆ వెలుగు అంచు 75 మీటర్ల దూరమున నేలను తాకును. 20 సెంటీమీటర్లు దించినచో 37 మీటర్ల దగ్గరనే ఆగిపోవును. డ్రైవరునకు దారి చాలదు. ఏమియు దించనిచో అది నేలను తాకనే తాకదు. గోడమీద బెత్తెడు తేడా, బాటమీద ప్రాణముతో సమానమైన తేడా.

పాత కార్లలో ఈ బెత్తెడు తెలియకుండగనే తప్పిపోవును. ఏండ్ల తరబడి బరువు మోసిన వెనుక కమానులు క్రుంగును. అంబాసిడరు ముందుచక్రములకును వెనుకచక్రములకును నడుమ దూరము సుమారు రెండున్నర మీటర్లు. డిక్కీలో సామాను, వెనుక సీటులో ముగ్గురు మనుష్యులు చేరి, వెనుకభాగము 5 సెంటీమీటర్లు దిగినదనుకొందము. అప్పుడు కారు ముక్కు నూటికి రెండు చొప్పున పైకి లేచును. గోడవద్ద మనము దించినది నూటికి ఒకటే గదా! ఆ ఒకటి పోగా, వెలుగు నూటికి ఒకటి చొప్పున పైకే సాగును. 50 మీటర్ల దూరమున అది నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తున నుండును. మన రహదారుల ఇంజనీర్లు డ్రైవరు కంటి ఎత్తును 120 సెంటీమీటర్లుగ లెక్కింతురు. అనగా పెండ్లివారితో నిండిన పాత కారు డిమ్ కొట్టియు ఎదుటివాని కంటికే గురిపెట్టుచున్నదన్నమాట. కావున నిండుబరువుతో రాత్రివేళ పోవలసినప్పుడు అదే బరువుతో దీపములను దిద్దుకొనవలెను.

ఎడమ దారి, కుడి దారి

మన దేశమున వాహనములు ఎడమప్రక్కన నడచును. ఎదుటివాడు కుడిప్రక్కన వచ్చును. కావున డిమ్ వెలుగు క్రిందికి దిగుటయే గాక, ఎడమకు ఒరగుట మేలు. ఎడమ అంచుననే గదా పాదచారియు, సైకిలువాడును ఉండునది! అమెరికాలోను, యూరపు ఖండములో చాలవరకును ఇది తారుమారు. అక్కడి బాటలకొరకు తయారైన పాత కారు డిమ్ వెలుగు కుడికి ఒరగునట్లు చేయబడి యుండవచ్చును. అట్టి గాజులను, బల్బులను మార్చక మన బాటమీద నడిపినచో, స్క్రూలు ఎంత త్రిప్పినను ఎదుటివానికి సుఖము లేదు. స్వీడను దేశము 1967 సెప్టెంబరు 3వ తేదీన ఎడమనుండి కుడికి తన దారిని మార్చుకొన్నప్పుడు, ఆ దేశపు వాహనముల హెడ్‌లైట్లను గూడ మార్చవలసి వచ్చినది.

వెలుగు చాలనప్పుడు

వంపు సరిగా నున్నను వెలుగు చాలని దీపములు కలవు. బల్బును నిందించుటకు ముందు తీగలను చూడవలెను. మిక్కిలి పాత కార్లలో అనేకము 6 వోల్టుల బ్యాటరీతో నడచును. 36 వాట్ల బల్బు 12 వోల్టుల కారులో 3 ఆంపియర్లు తీసికొనును. 6 వోల్టుల కారులో 6 ఆంపియర్లు. తుప్పుపట్టిన అతుకులవద్ద సగము వోల్టు పోయినదనుకొందము. 12 వోల్టులలో అది 24వ వంతు. 6 వోల్టులలో 12వ వంతు. తంతువు వెలుగు వోల్టేజికంటె చాల వేగముగ తగ్గును. 12వ వంతు వోల్టేజి పోయినచో ఇంచుమించు నాల్గవవంతు వెలుగు పోవును. అందుచేత అతుకులను గీకి శుభ్రపరచి, కారు లోహమునకు బిగించిన ఎర్తు తీగను గట్టిగా బిగించినచో, పైసా వ్యయము లేక పోయిన వెలుగు మరలి వచ్చును.

అద్దమును గూడ చూడవలెను. పాత హెడ్‌లైట్ల అద్దములకు వెండిపూత వాడెడివారు. గాలిలోని గంధక సమ్మేళనములు సోకి వెండి నల్లబడును. ఇంటిలోని వెండి కుంకుమభరిణ నల్లబడుటకును కారణ మిదియే. అట్లని ఇత్తడిపాత్రలవలె గరుకుపొడితో తోమరాదు. పలుచని పూత గీచుకొనిపోయి, వెలుగు నలువైపుల చెదరును. పూత చెడినచో మరల పూయించుటయే మార్గము.

ఈ శ్రమ లేకుండ, అంగడిలో దొరకు మిక్కిలి కాంతిగల బల్బును తెచ్చి పెట్టించువారు కలరు. పాత తీగలును, పాత స్విచ్చియు ఆ విద్యుత్ప్రవాహమును భరింపలేక వేడెక్కును. అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఆ అద్దము ఒకానొక తంతువు కొరకు, ఒకానొక స్థానము కొరకు మలచబడినది. వేరొక ఆకారముగల ఎల్.ఇ.డి. బల్బును అందు దూర్చినచో, వెలుగు పుట్టుచోటు నాభినుండి తొలగవచ్చును. అప్పుడు కాంతి పెరిగినట్లు తోచును గాని, అది దారిపై గాక దిక్కులపై పడును. నడుపువానికి గర్వము, ఎదుటివానికి గ్రుడ్డితనము.

వెలుగునకు తగిన వేగము

ఎంత దిద్దినను పాత దీపము పాత దీపమే. కావున వేగమును దీపమునకు లోబరచుకొనవలెను. మన రహదారుల లెక్కల ప్రకారము, గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము అపాయమును చూచి ఆగుటకు 60 మీటర్ల దూరము కావలెను. 60 కిలోమీటర్లకు 80 మీటర్లు కావలెను. మన డిమ్ వెలుగు నేలను తాకునది 75 మీటర్ల వద్ద. ఆ అంచున వెలుగు పలుచగనే యుండును. పాత కారు బ్రేకులు నేటి కార్ల బ్రేకులంత చురుకైనవి కావు. డిమ్ వెలుగులో గంటకు 50 కిలోమీటర్లు మించిన పాత కారు, తాను చూడలేని చోటికి పరుగెత్తుచున్నదని ఈ అంకెలే చెప్పుచున్నవి.

మన బాటలమీద రాత్రివేళ కార్లు మాత్రమే నడువవు. వెనుక దీపములేని ఎడ్లబండి కలదు. పొలమునుండి ఆలస్యముగ మరలు రైతు కలడు. రెండవ ఆట సినిమా చూచి సైకిలుపై ఇంటికి పోవు కుఱ్ఱవాడు కలడు. రోడ్డుపై ఆరబోసిన ధాన్యమునకు కావలి పండుకొన్నవాడు కలడు. వీరిలో ఎవరి చేతిలోను డిమ్ కొట్టు స్విచ్చి లేదు. వారి రక్షణ రెండు విధములుగ మన దీపముపై ఆధారపడియున్నది: మన వెలుగు వారిని మనకు చూపవలెను, మన వెలుగు తగిలి ఎదుటి డ్రైవరు వారిని చూడలేకపోవు స్థితి కలుగరాదు. మొదటిది స్వార్థమునకైనను చేయుదుము. రెండవది చేయుటకు, మనకు కనబడని మనిషిని గూర్చి ముందుగనే ఆలోచింపగల మనస్సు కావలెను.

పాత కారును మెరుగుపెట్టి ప్రదర్శించువారికి బహుమతులు వచ్చును. దాని దీపములను బెత్తెడు క్రిందికి వంచినవారికి బహుమతు లుండవు. ఆ వంపువలన తప్పిన ప్రమాదము ఎవరికిని తెలియదు, పత్రికలలో అచ్చుపడదు. అయినను పాఠశాల గోడపై సుద్దముక్కతో రెండు గీతలు గీసి, సరూప త్రిభుజముల పాఠమును ఈ విధముగ ఒకసారి చెప్పిచూడవచ్చును. గణితము పరీక్షకొరకే గాక, ముక్కుముఖము తెలియని బాటసారి కంటిచూపు కొరకు గూడ పనికివచ్చునని విద్యార్థులు గ్రహింతురు. ఫలించిన చెట్టు వంగునని పెద్దలు చెప్పుదురు. వెలుగునకును ఆ న్యాయమే వర్తించును.